బోర్డు నమ్మని మేడమ్ గారు

మా సైన్సు మేడమ్ గారు పోయారన్న ఫోన్ వచ్చేసరికి నేను గుండుగొలను దగ్గర హైవే పక్కన నిలబడి బస్సు టైరు మార్పిస్తున్నాను. ఫోన్ చేసింది ఆవిడ మేనకోడలు. "పొద్దున్న కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నారండీ. పేపరు ఇద్దామని వెళ్ళేసరికి అయిపోయిందండీ," అంది. వెంటనే నా నోట్లోంచి వచ్చిన మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది. "అదేంటమ్మా, వచ్చే నెల టూరుకి కిటికీ సీటు ఉంచమన్నారు కదా!" అన్నాను. ఆ అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది. "మాకూ అదే చెప్పారండీ. ఈసారి కూడా మిమ్మల్ని బాగా విసిగించాలని."

మర్నాడు తాడేపల్లిగూడెంలో సమాధుల తోటకి వెళ్ళే దారిలో ఆవిడ ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. 'శాంతమూర్తి, మృదుభాషిణి' అని రాశారు. అది చదివి నాకు ఒళ్ళు మండింది. ఆవిడ శాంతమూర్తి ఏమిటండీ! నా బస్సు ఎక్కిన నాలుగేళ్ళలో ఆవిడ ప్రశాంతంగా చూసిన చోటు ఒక్కటి లేదు, నన్ను ప్రశాంతంగా ఉండనిచ్చిన రోజూ లేదు. ప్రార్థన చేసిన పాస్టరు గారు కూడా ఆవిడ ఎవరి మనసూ నొప్పించలేదన్నారు. నా పక్కన నిలబడ్డ, మా టూర్లకి ఎప్పుడూ వచ్చే పెంటపాడు రైసు మిల్లు ఆయన నా వైపు చూశారు. ఆయన మనసు ఆవిడ ఎన్నిసార్లు నొప్పించారో మా ఇద్దరికీ తెలుసు.

నాది ఏలూరులో ఒక్క మినీబస్సుతో నడిచే టూర్ల వ్యాపారం. రిటైరైన టీచర్లు, చర్చి స్త్రీల సమాజం వాళ్ళు, వ్యవసాయం పిల్లలకి అప్పగించిన పెద్దవాళ్ళు నా బస్సు ఎక్కుతారు. మేడమ్ గారు గూడెంలో మిషన్ స్కూల్లో నాకు సైన్సు చెప్పారు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక ఓ రోజు మా ఆఫీసుకొచ్చి, "ఏమయ్యా, నాకు అడవులు చూడాలనుంది. గుళ్ళూ గోపురాలూ అయితే రాను," అన్నారు. పాత టీచరు కదా అని సంబరపడి మొదటి వరసలో సీటిచ్చాను. అంత తెలివితక్కువ పని నేను మళ్ళీ చేయలేదు.

ఆ టూరు కేరళకి. నా కరపత్రంలో పెద్ద అక్షరాలతో 'ఏనుగుల అభయారణ్య సందర్శన, సవారీ, స్నానం' అని వేయించాను. సగం మంది ఆ మాట చూసే సీటు తీసుకున్నారు. గేటు మీద శాంక్చురీ అని బోర్డు, లోపల రంగుల గొడుగులు, ఫోటోల స్టాలు. ఒక షెడ్డులో నున్నటి సిమెంటు గచ్చు మీద ఆడ ఏనుగు నిలబడి తల అటూ ఇటూ ఊపుతోంది. మావాళ్ళకి భలే ముచ్చటేసింది. "డాన్సు చేస్తోందండోయ్!" అని అందరూ ఫోన్లు పైకెత్తారు. ఒకావిడ తాను కూడా అలాగే ఊగుతూ వీడియో తీయించుకుంటోంది.

మేడమ్ గారు కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూశారు. "అది డాన్సు కాదమ్మా," అన్నారు, క్లాసులో చెప్పినట్టే. "కదలనీయకుండా ఏళ్ళ తరబడి కట్టేసి ఉంచితే బుర్ర పాడై అలా ఊగుతుంది. నిన్ను ఈ గచ్చు మీద పదేళ్ళు కట్టేస్తే నువ్వూ ఊగుతావు."

ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. వీడియో ఆవిడ మొహం మాడిపోయింది. మేడమ్ గారు అంతటితో ఆగారా? ఏనుగు చెవి వెనక అంకుశం గుచ్చిన మచ్చలు చూపించారు. తర్వాత మేనేజరుని పిలిచి, రెండు పిల్ల ఏనుగులు ఎక్కడివని అడిగారు. కాపాడి తెచ్చామన్నాడతను. "మంచిది. మరి వీటి తల్లుల్ని ఎందుకు కాపాడలేదు?" అన్నారు. అతను ఇంకెవరో పిలిచినట్టు వెళ్ళిపోయాడు.

మిల్లు ఆయన ఉండబట్టలేక, "ఏవండీ, మేం చూడ్డానికొచ్చామండీ, తనిఖీకి రాలేదండీ," అన్నారు.

"చూస్తేనే కదండీ తెలిసింది," అన్నారావిడ.

సవారీ ఎవరూ ఎక్కలేదు. ఎక్కాలని ఉన్నవాళ్ళు కూడా ఆవిడ ఎదురుగా ఎక్కలేకపోయారు. ఆ టూరుతో మంచిపేరు వస్తుందని నేను పెట్టుకున్న ఆశలన్నీ ఆ షెడ్డులోనే పోయాయి. ఇంటికొచ్చి మా ఆవిడతో, ఇక ఆ మనిషిని బస్సు ఎక్కించుకుంటే నా చెప్పుతో నన్నే కొట్టమని చెప్పాను.

వారం తిరక్కుండా నేనే ఫోన్ చేసి ఆవిడ మీద విరుచుకుపడ్డాను. టీచరు అని కూడా చూడలేదు. "అంత జాలి ఉంటే మీ కొల్లేటి సంగతి చూసుకోకూడదా అండీ? మీది మండవల్లి వైపేగా. అక్కడ మీవాళ్ళందరూ చేపల చెరువుల మీదే కదా బతుకుతారు?" అన్నాను. గట్టిగా తగిలే మాటే అన్నాననుకున్నాను.

ఆవిడ కోపగించుకోలేదు. "ఆదివారం ఆరాధన అయ్యాక ఖాళీయేనా? మండవల్లి రా," అన్నారు.

వెళ్ళాను. ఎండలో చెరువు గట్టు మీద ఆవిడ ముందు, నేను వెనక. దాణా బస్తాల వాసన, నీళ్ళ మీద తీగలు, ఆ తీగల మీద కొంగలు. గట్టు మలుపులో తుప్పు పట్టిన బోర్డు ఒకటి సగం ఒరిగి ఉంది. అభయారణ్యం అన్న మాటలో మొదటి రెండక్షరాలే మిగిలాయి.

"మా నాన్న ఈ బోర్డుకి గొడుగు తగిలించి ఈ చెరువుకే కాపలా కాసేవాడు," అన్నారావిడ. "పక్షులు చేపల్ని ఎత్తుకుపోకుండా రోజంతా డబ్బా మోగించడం ఆయన పని. ఆ జీతంతోనే నన్ను చదివించాడు. బోర్డు పక్షుల కోసం, డబ్బా పక్షుల మీద. పదేళ్ళ పిల్లని, నాకే అర్థమైంది. అందుకే నేను బోర్డు నమ్మనయ్యా. బోర్డు రాసేది మనిషి. ఆ లోపల ఉన్నదాన్ని అడిగి రాయడు."

"మరి మీ నాన్నగారిది తప్పా అండీ?"

"తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తేలలేదు. అందుకే ఇంకా చూస్తున్నాను."

నేను దెబ్బలాడడానికి వెళ్ళి, ఆవిడ మేనకోడలు పెట్టిన చేపల పులుసు తిని తిరిగొచ్చాను. కోపం తగ్గలేదు. కానీ తర్వాతి టూరుకి ఆవిడ పేరు నేనే రాసుకున్నాను. ఎందుకు రాసుకున్నానో ఇప్పుడడిగినా చెప్పలేను.

ఇక అక్కణ్ణుంచి నా ప్రాణం తోడేశారు. టూరు ఖాయమైందంటే చాలు, పొద్దున్న ఏడింటికల్లా ఫోన్. సవారీ ఉందా? జనం చేత స్నానాలు చేయిస్తారా, రోజుకి ఎన్నిసార్లు? ఏనుగుకి ఇష్టం లేకపోతే పక్కకి వెళ్ళే చోటుందా? నేను అవన్నీ ఆ ఊళ్ళకి ఫోన్ చేసి అడగాలి. అవతలివాళ్ళు కూడా తక్కువవాళ్ళు కాదు. ఈ మధ్య అందరూ ఎథికల్ అనే మాట ఒకటి నేర్చుకున్నారు. "ఫుల్లీ ఎథికల్ సర్, సవారీ కూడా ఉంది సర్," అన్నాడొకడు. అది ఆవిడకి చెప్తే నన్నే తిట్టారు, ఆ మాట కనిపెట్టింది నేనైనట్టు. చివరికి విసుగెత్తి కరపత్రంలోంచి సవారీ, స్నానం తీసేశాను. నాకు జ్ఞానోదయమై తీసేశానని సంతాపసభలో ఎవరో అన్నారు. అదేం లేదండీ, ఓపిక లేక తీసేశాను.

ఆవిడ గురించి ఇంతవరకూ చెప్పి ఊరుకుంటే ఆవిడే ఒప్పుకోరు. తప్పు కూడా చెప్పమంటారు.

కిందటేడు వెళ్ళిన చోట అసలు బోర్డే లేదు. కొండ దారిలో పాత షెడ్డు, బురద, మందుల కంపు. ముసలి ఏనుగు ఒకటి ముందు కాలికి గొలుసుతో నిలబడి ఉంది. పక్కన నడివయసు మావటి వంగి ఏదో చేస్తున్నాడు. అంతే, మేడమ్ గారు గేటు దగ్గరే ఆగి కేకలేశారు. ముసలిదాన్ని కట్టేసి ఏం బావుకుంటావన్నారు. అతను తలెత్తి చూసి మళ్ళీ తన పనిలోకి వంగాడు. మేం లోపలికే వెళ్ళలేదు. ఆవిడ ఇంటికొచ్చి అక్కడి అధికారులకి రెండు పేజీల ఫిర్యాదు రాశారు. ఇంగ్లీషులో ఆవిడ రాసిన ఉత్తరం చదివితే ఎవరైనా కదలాల్సిందే. కదిలారు.

మూడు నెలల తర్వాత అక్కడి పశువుల డాక్టరమ్మ దగ్గర్నుంచి జవాబొచ్చింది. అందులో ఒక్క పరుషమైన మాట లేదు, అదే మరీ బాధ. ఆ ఏనుగు దుంగలు లాగే పనిలో పాడైపోయి వైద్యం కోసం వాళ్ళ దగ్గరికొచ్చింది. అరికాల్లో పుండు. కట్టు కట్టేంతసేపే గొలుసు వేస్తారు, తర్వాత తీసేస్తారు. మేం వెళ్ళింది ఆ కట్టు కట్టే వేళకి. ఫిర్యాదు మీద విచారణ జరిగినన్నాళ్ళూ ఆ మావటిని దూరంగా ఉంచారు. ఏనుగు ఇంకెవర్నీ కాలు ముట్టుకోనివ్వలేదు. మానుతున్న పుండు తిరగబెట్టింది. ఇప్పుడు విచారణ అయిపోయింది, అతను తిరిగొచ్చాడు, పుండూ మానింది. కుంటు మాత్రం ఇక పోదు.

ఆ ఉత్తరం పట్టుకుని ఆవిడ ఏలూరు వచ్చారు. నా ఎదురుగా కుర్చీలో కూర్చుని దాన్ని మడుస్తూ, మళ్ళీ విప్పుతూ ఉన్నారు. ఆవిణ్ణి అలా చూడడం నాకదే మొదలు.

"వెళ్దామయ్యా," అన్నారు చివరికి.

"ఎక్కడికండీ?"

"క్షమాపణ చెప్పుకోవడానికి."

"ఉత్తరం రాస్తే సరిపోతుంది కదండీ. ఈ వయసులో, ఈ మోకాళ్ళతో రెండు రోజుల ప్రయాణం ఏంటండీ?"

"నలుగురిలో నిలబడి అరిచాను. చాటుగా ఉత్తరం రాసి సరిపెట్టుకోమంటావా?"

తిట్టుకుంటూనే రైలు టిక్కెట్లు తీశాను. మా ఆవిణ్ణి కూడా తోడు తీసుకెళ్ళాను. దారంతా మేడమ్ గారు తిన్నది లేదు, పడుకున్నది లేదు. ఆ మావటికి ఏం చెప్పాలో పెదాలు కదుపుతూ చూసుకుంటున్నారు, ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు ఒప్పజెప్పించిన మనిషి.

డాక్టరమ్మ మర్యాదగానే లోపలికి రమ్మంది. మావటి మాత్రం మమ్మల్ని చూసి వీపు తిప్పుకున్నాడు. అతను ఒకప్పుడు చిత్తూరు వైపు ఒక గుడి ఏనుగు దగ్గర పనిచేశాడట, తెలుగు కాస్త వచ్చు. మేడమ్ గారు దగ్గరికెళ్ళి చేతులు జోడించి, దారంతా వల్లెవేసుకున్నది మొదలుపెట్టారు. రెండు మాటలు కాకుండానే అతను ఆపేశాడు.

"టీచరమ్మవి కదా? చూసినావు. అరిచినావు. పోయినావు. అడగలేదు."

"అవును బాబూ, అడగలేదు," అన్నారావిడ.

అంతే. అతను పనిలో పడ్డాడు. ఇక వెళ్దాం రండి అన్నాను నేను. ఆవిడ వినలేదు. షెడ్డు పక్కన ఏనుగు మేతకి తెచ్చిన తాటాకు మోపు ఉంటే అక్కడ కింద కూర్చుని ఆకులు విడదీయడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం దాటింది. మా ఆవిడ కూడా వెళ్ళి పక్కన కూర్చుంది. నేనొక్కణ్ణే చేతులు కట్టుకుని నిలబడి, ఈ ముసలావిడ మొండితనానికీ, ఆ మనిషి పంతానికీ, ఇద్దరి మధ్యా వచ్చి పడ్డ నా ఖర్మకీ పళ్ళు నూరుకుంటున్నాను.

మూడింటికి అతను వేడినీళ్ళ బకెట్టు తెచ్చాడు. ఆవిడ ముందు పెట్టి, "పట్టుకో," అన్నాడు. ఆవిడ లేచి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, రెండు చేతులతో బకెట్టు పట్టుకుని నిలబడ్డారు. ఏనుగు తనంతట తానే కాలెత్తి చెక్క దిమ్మ మీద పెట్టింది. అతను పాత మచ్చ చుట్టూ గుడ్డతో నెమ్మదిగా కడుగుతూ దానితో వాళ్ళ భాషలో ఏదో చెప్తున్నాడు. బరువని నేను బకెట్టు అందుకోబోతే ఆవిడ కళ్ళతోనే వద్దన్నారు. క్షమించానని అతను చివరిదాకా అనలేదు. ఆవిడా అడగలేదు.

సాయంత్రం జీపు ఎక్కాం. నేను ముందు సీట్లో కూర్చుని, మొత్తం రోజంతా తాటాకులకి సరిపోయిందండీ అని ఇంకా సణుగుతూనే ఉన్నాను. తల తిప్పి చూశాను. మేడమ్ గారు వెనక సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి, తడి కొంగు భుజం మీద అలాగే వదిలేసి, అద్దంలోంచి చూస్తున్నారు. గొలుసు లేని ముసలి ఏనుగు వాగు వైపు కుంటుకుంటూ నడుస్తోంది. దాని పక్కనే మావటి, చేయి దాని పొట్ట మీద ఆనించి నడుస్తున్నాడు. అది అడుగు వేసినప్పుడు వేస్తున్నాడు, అది ఆగినప్పుడు ఆగుతున్నాడు. పొడుగాటి మనిషి, దాని కోసం తన అడుగు సగానికి కుదించుకుంటున్నాడు.