కార్న్‌వాల్‌కు కట్టిన అట్టపెట్టె

ఫరీజ్ అబ్దుల్ అజీజ్ స్టాపులో బస్సెక్కి నా పక్కన కూర్చున్నామె ఒళ్ళో, తాడుతో బిగించి కట్టిన అట్టపెట్టె ఉంది. గల్ఫులో అలాంటి పెట్టె చూస్తే మనవాళ్ళు ఎవరైనా అడిగేది ఒకటే.

"ఇంటికి పోతున్నవా అక్కా?"

"కాదు చెల్లీ, ఇంగ్లండు. కార్న్‌వాల్ అని సముద్రం ఒడ్డంట. మా మేడం వాళ్ళు సెలవలకి అక్కడికెళ్తున్నారు. పిల్లల్ని చూసుకోడానికి నన్నూ రమ్మన్నారు."

"మరి ఈ పెట్టెల ఏమున్నయ్?"

పాలపొడి, సబ్బులు, తలనొప్పి బామ్, పూల దుప్పటి అంది. నేను ఊరుకుంటానా!

"అయ్యో, ఇంగ్లండోళ్ళు నీ సబ్బుల కోసం తానాలు జెయ్యకుండ కూసున్నరా?"

ఆమె పకపకా నవ్వింది. తనది అంతర్వేది దగ్గర ఊరట. "సముద్రం మా గుమ్మం ముందే ఉంది. దాన్ని చూడ్డానికి విమానమెక్కి అంత దూరం పోతున్నా" అని నాకంటే మంచి జోకు వేసింది. ఆ నవ్వు ముగియకముందే తాడు ముడి తడుముతూ అంది:

"అక్కడ చలంట, స్వెట్టరు కొనుక్కోమంది మేడం. కొట్టుకెళ్తే చేతులు ఇవే తీశాయి. ఈ నెల ఇంటికెళ్ళే వంతు నాది చెల్లీ. వస్తున్నానని మా పాపతో చెప్పేశాను కూడా. ఇప్పుడు ఈ ప్రయాణమే నీ సెలవనుకో అంటోంది మేడం."

మదీనత్ ఖలీఫా స్టాపు దగ్గర పెట్టె నా చేతికిచ్చి, "బరువెక్కువైందేమో చూడు" అంది, ఇంటికెళ్ళే ముందు మనవాళ్ళు ఒకరినొకరు అడిగినట్టే. ఎత్తి చూశాను.

"ఇంక రెండు పాలపొడి డబ్బాలు పడతయ్ అక్కా."

నిజంగానే ఇంటికెళ్తున్నంత సంతోషంగా దిగిపోయింది.

అప్పటి నుంచి ఎవరి ఒళ్ళో పెట్టె చూసినా ఇంటికేనా అని అడగను. జరిగి చోటిస్తాను.