సుద్దముక్కల పెట్టెలో తీర్పులు

మా పక్కింటి ఇంగ్లీషు మాస్టారు మొన్న మంగళవారం పొద్దున్న, పేపరు చదువుతూ చదువుతూనే పోయారు. సంతాపసభలో ఆయన పాత విద్యార్థులైన మీరంతా ఒక మాట అన్నారు. ఆయన ఏటా పాఠం చెప్పే ఆ ఇంగ్లీషు ప్రేమ నాటకంలో, పగబట్టిన రెండిళ్ళ పిల్లల చావులకీ పెద్దవాళ్ళే బాధ్యులని మాస్టారు చెప్పేవారట. తప్పు నాయనా. ఆయన ఏనాడూ అలా చెప్పలేదు. చెప్పింది నేను. అదే డిగ్రీ కాలేజీలో తెలుగు మేడమ్‌గా పాఠాలు చెబుతూ, ఆయన క్లాసు కిటికీ దగ్గర నిలబడి, ఎవరూ అడక్కుండానే చెప్పాను.

ఆయన మాత్రం ఏటా నాటకం పాఠం అయిపోగానే ఖాళీ సుద్దముక్కల పెట్టె బల్ల మీద పెట్టేవారు. "తప్పెవరిదో చీటీ మీద రాసి వెయ్యండి. కారణం కూడా రాయాలి. కారణం లేని కోపం నాకొద్దు" అనేవారు. చీటీలన్నీ పైకి చదివి, తన తీర్పు చెప్పకుండా గొడుగు తీసుకుని వెళ్ళిపోయేవారు.

తొంభైల్లో, మా పాలకొల్లు చుట్టుపక్కల వరిచేలు రొయ్యల చెరువులవుతున్న రోజుల్లో, ఆఖరి ఏడాది అమ్మాయి ఒకతె నా దగ్గరకొచ్చి ఏడ్చింది. వాళ్ళ నాన్నది రొయ్యల చెరువు. గట్టుకి అవతల చేను, ఆమె పెళ్ళాడదామనుకున్న క్లాస్‌మేటు వాళ్ళది. చెరువులోంచి ఉప్పునీరు దిగి ఆ చేను చచ్చింది. రెండిళ్ళకీ మాటల్లేవు. ఇంట్లో తెలిస్తే తను బతకనంది.

నేను గొప్ప ఉపాయం కనిపెట్టాను. ఇద్దర్నీ గుట్టుగా నర్సాపురంలో రైలెక్కించెయ్యడం! గోడ మీంచి మాస్టారికి చెప్పాను.

"ఎవరెవరికి తెలుసండి?"

"మనిద్దరికే."

ఆయన సాసర్లో టీ ఊదుకుంటూ, "ఆ నాటకంలో కూడా గుట్టు మంచివాళ్ళకి మాత్రమే తెలుసండి. అందుకే పిల్లలిద్దరూ పోయారు పాపం" అన్నారు.

ఇరవయ్యేళ్ళు ఆ పాఠం విన్నాను. అందులో గుట్టుగా సాయం చేసి ముంచే వేషం ఒకటి నాకూ ఉందని అప్పుడు తెలిసింది.

పిల్లలిద్దర్నీ అడిగి, వాళ్ళు సరేనన్నాకే, ఆ ఏటి చీటీల పంచాయితీకి ఇద్దరు తండ్రుల్నీ పెద్దమనుషులుగా పిలిచారాయన. గౌరవమనగానే ఇద్దరూ ఇస్త్రీ పంచెల్లో దిగారు. ఒకటే బెంచీ. మధ్యలో ఇంకో గట్టు వేసుకున్నట్టు కండువాలు పెట్టుకుని కూర్చున్నారు.

నాటకం కథా, చీటీలన్నీ విన్నాక చెరువు రైతు ఊరుకోలేకపోయాడు. "ఆ నాటకంలో పిల్లకి ఇంట్లో చెప్పుకోడానికి ఒక్క మనిషి లేకపోయాడేంటండీ? ఏం తండ్రండీ వాడు!"

కూతురు లేచి నిలబడింది. "మరి నేను చెప్పుకోవచ్చా నాన్నా?"

ఆ రోజు మాస్టారు గొడుగు ముట్టుకోలేదు. వాళ్ళు మాట్లాడుకున్నంతసేపూ అక్కడే కూర్చున్నారు.

పెళ్ళి వెంటనే కాలేదు. రెండు పంటలు గడిచాయి. ముందు ఉప్పునీరు పోవడానికి గట్టు పక్కన బోదె కాలవ తవ్వారు, తర్వాత పలకరింపులు, ఆ తర్వాత ముహూర్తం. ఇప్పుడు వాళ్ళిద్దరూ కడియంలో మొక్కల నర్సరీ నడుపుతున్నారు. మామా అల్లుళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు, అయితే ఒకే అరుగు మీద కూర్చుని.

ఆ రోజు నేనూ ఒక చీటీ వేశాను. "సాయం చేస్తున్నాననుకున్న ఆవిడ" అని రాశాను. మాస్టారు దాన్ని పైకి చదవలేదు. మడిచి లాల్చీ జేబులో పెట్టుకున్నారు.

ఆ సుద్ద పెట్టెని ఆయన భార్య నాకిచ్చింది. రేపు మీలో ఎవరైనా వచ్చి తీసుకెళ్ళి, ఇప్పుడు ఆ నాటకం చెబుతున్న మేడమ్‌కి ఇచ్చి రండి. వెళ్ళేటప్పుడు ఓ పాతిక తెల్లచీటీలు కత్తిరించి అందులో వెయ్యండి. అడుగున ఆయన విరిచిన సగం సుద్దముక్క ఉంది. దులిపి పారెయ్యకండి.