డిస్కులో దొరకని చిరునామా

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను మార్కాపురం డివిజనుకు సిస్టమ్ అనలిస్టుగా వేశారు. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. చేరిన వారానికే మహిళల సహాయ కేంద్రం పని నా మీద పడింది.

అక్కడి కౌన్సిలర్ మహబూబి. మొగుడి దెబ్బలు తట్టుకోలేక తర్లుపాడు నుంచి వచ్చిన వెంకటలక్ష్మిని ఆమె గిద్దలూరు హాస్టల్లో దాచింది. వారం తిరక్కుండా మొగుడు ఆ గేటు ముందు నిలబడ్డాడు. ఇప్పుడామెను ఇంకోచోటికి మార్చాలి, ఈసారి చిరునామా బయటికి పొక్కకూడదు. "మేం రాసుకునేది దార్లోనే ఎవరో చదువుతాండారు మేడమ్. ఏందో ఒకటి చెయ్యండి" అంది మహబూబి.

పంపేవారికీ అందుకునేవారికీ తప్ప మధ్యలో ఎవరికీ అర్థం కాకుండా సందేశాలు పంపే చాట్ ప్రోగ్రాం ఒకటి నాకు తెలుసు. కానీ సహాయ కేంద్రంలోనూ గిద్దలూరు హాస్టల్లోనూ ఉన్నవి పాత కంప్యూటర్లు. రెడీమేడ్‌గా దొరికేది వాటి మీద నడవదు. అందుకని దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత, తెచ్చుకుని నేనే బిల్డ్ చేయడానికి, అంటే ఆ మిషన్ల మీద నడిచే ప్రోగ్రాంగా మార్చడానికి, కూర్చున్నాను. దానికి కావలసిన తోడు కోడ్, అంటే లైబ్రరీ, ఒకటి తెస్తే ఇంకోటి లేదనేది. నాలుగో రోజుకు పూర్తయింది. రెండు మిషన్ల మధ్య మూడోది పెట్టి, వైరు మీద పోయే ప్రతి ప్యాకెట్‌నూ, అంటే సందేశపు ప్రతి తునకనూ, పట్టి చూశాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. పట్టరాని సంతోషంతో మహబూబిని పిలిచి చూపించాను.

"దార్లో సరే మేడమ్. ఈ డబ్బా మళ్లీ దుకాణానికి పోతే?" అంది.

మా వైపు కంప్యూటర్ మొరాయిస్తే ఆటోలో వేసి బజారులో రిపేరు దుకాణానికి పంపడం ఆనవాయితీ. డిస్కు తీసి ఉంచుకోవాలని ఎవరికీ తోచదు. అక్కడ కూర్చునేవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే, ఒకరి కంట పడ్డది అందరి చెవికీ చేరుతుంది. మొగుడు గేటు దగ్గరికి రావడానికి రెండు రోజుల ముందు ఈ మిషన్ ఆ దుకాణంలోనే ఉందట.

వెంటనే నేను పంపిన పరీక్ష సందేశం కోసం డిస్కు వెతికాను. చక్కని తెలుగులో దొరికింది. డిస్కు మీది ఫైలుకు తాళం వేసే లైబ్రరీ ఆ మిషన్లో లేదు. బిల్డ్ ఒక్క హెచ్చరిక చూపి, ఆగకుండా ముందుకు పోయింది. ఆ లైను నేను చదవలేదు. ఇన్నేళ్ల సర్వీసూ ఏమైనట్టు? నా మీద నాకే ఒళ్లు మండింది. లైబ్రరీ తెచ్చి, రెండు మిషన్లకూ మొదటినుంచీ బిల్డ్ చేసి, మళ్లీ వెతికాను. దొరకలేదు. ఆ తర్వాతే గిద్దలూరు వార్డెన్ కొత్త చిరునామా పంపింది.

నెల తిరిగేసరికి సహాయ కేంద్రం మిషన్ చెడిపోయింది. నేను ఒంగోలులో మీటింగులో ఉండగా ఆఫీసువాళ్లు అలవాటు ప్రకారం ఆటో ఎక్కించేశారు. తెలిసి దుకాణానికి పరుగెత్తాను. "ఏంది మేడమ్, చాట్ ఫైలు తెరిస్తే అంతా చెత్త కనపడతాంది. పాడయినట్లుంది, తీసేద్దునా?" అన్నాడు దుకాణదారు. నా సర్వీసులో అంత కమ్మని ఫిర్యాదు ఇంకోటి వినలేదు.

"దాన్నట్లనే ఉండనీ. ముందు నువ్వెందుకు తెరిచినావో చెప్పు నాయనా" అన్నాను. అతను స్క్రూడ్రైవర్ వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

మొగుడి మీద మహబూబి వేయించిన గృహహింస కేసు విచారణ రోజున వెంకటలక్ష్మి నేరుగా కోర్టుకు వచ్చింది. అప్పటిదాకా ఆమె ఎక్కడుందో మొగుడికి తెలియలేదు. సాయంత్రానికి రక్షణ ఉత్తర్వు ఆమె చేతిలో ఉంది.

బిల్డ్ పూర్తయినంత మాత్రాన పని అయినట్టు కాదని, హెచ్చరికలు చదవాలని అప్పుడు నేర్చుకున్నాను. ఏం పరీక్షించాలో తేల్చేముందు ఆ మిషన్ రోజూ వాడే మనిషిని అడగాలి. రిటైరయ్యేదాకా నేను తయారుచేసిన ప్రతి పరీక్షల పట్టికలోనూ మొదటి గడి మిషన్ వాడేవాళ్ల ప్రశ్నకే వదిలాను.