నాకు తట్టనిది స్వరూపకు తట్టింది

ఈ రోజు ఆఫీసులో నాకు బాగా కుళ్లు పుట్టింది. దాచుకోవడం ఎందుకని ఇక్కడే చెప్పేస్తున్నాను.

కామారెడ్డిలో మాది నలుగురు పనిచేసే చిన్న ఆఫీసు. వెబ్‌సైటు కట్టే ముందు ఏ పేజీ కింద ఏ పేజీ రావాలో తెర మీద డబ్బాలుగా గీసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాం. అందులో ఏమేం ఉండాలో మూడేళ్లుగా ఆలోచించేది నేనే. నెల రోజులు కూర్చుని ఆ డబ్బాలకు రంగులు, గుర్తులు డిజైన్ చేసి ఈ రోజు మా సారుకు చూపించాను. "మంచిగుంది" అని ఊరుకున్నారు.

తర్వాత స్వరూప వంతు. ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చే ఈ అమ్మాయి చేరి ఆరు నెలలే. తెర మీద ఒక డబ్బాను జరిపితే, దాని కిందివన్నీ గీతలతో సహా వెంట కదిలాయి. సారు కుర్చీలోంచి లేచి వచ్చారు.

"గిదే ముందు పెడదాం. ఎట్ల తట్టింది నీకు?"

"అక్క వల్లనే సార్. ఒక్కొక్క డబ్బా జరుపుడుతోని చేతులు గుంజుతున్నయని రోజూ అంటది కదా. అందుకే చేసిన" అంది స్వరూప, నన్ను చూపిస్తూ.

నిజమే. మూడేళ్లు విసుక్కున్నానే తప్ప, దాన్ని సరిచేయాలని నాకు తోచలేదు.

సాయంత్రం బస్టాండుకు బయల్దేరుతూ "అక్కా, కోపమొచ్చిందా?" అని అడిగింది. లేదని అబద్ధమాడాను.

ఒక్క తెలివే అయితే ఎలాగో ఓర్చుకునేదాన్ని. ఇప్పుడు ఆమె మంచితనం చూసి కూడా కుళ్లుకోవాల్సి వస్తోంది. మీలో ఇంకెవరికైనా ఇలా అయిందా, నేనొక్కదాన్నేనా?