ఆవుల కోసం బయలుదేరిన మనిషి

తెల్లదొరలు అడవిలోని కమ్యూనిస్టుల మీద ఎమర్జెన్సీ పెట్టిన రోజుల్లో, సుంగై పెటాని వెళ్లే బస్సులో నా పక్కన ఒక పొడవాటి తెలుగాయన కూర్చున్నాడు. చేతిలో పలుపుతాడు ఉంది.

"ఎద్దు కొనడానికా?" అన్నాను.

"మా అయ్య ఆవులు తప్పిపోయినాయి బాబూ. ఆటిని ఎతకడానికని బయలెల్లినాను. నిజం సెప్తే, పారిపోతన్నాను."

వాళ్ల రబ్బరు తోటలో కూలీల పెద్దను అడవిలో దాక్కున్నవాళ్లు కాల్చి చంపారట. ఆదివారం చర్చిలో ప్రార్థన చేసి చీటీ తీస్తే, కొత్త పెద్దగా ఈయన పేరు వచ్చిందట.

"బైబిల్లో సౌలు కూడా అయ్య గాడిదల్ని ఎతకబోయి దేవుడికి దొరికిపోయినాడు. రాజుని సేసే రోజున సామాన్ల ఎనకాల దాక్కున్నాడు. నాకు ఈ బస్సు దొరికింది."

నవ్వి, తాడును చేతికి చుట్టుకున్నాడు.

మలుపు తిరగగానే బస్సు ఆగింది. రోడ్డుకు అడ్డంగా మూడు ఆవులు. డ్రైవరు ఎంత హారన్ కొట్టినా కదల్లేదు. నా పక్కనాయన లేచి నిలబడి చూశాడు.

"మా ఆవులే," అన్నాడు మెల్లగా.

ఆయన దిగగానే ఆవులు వాటంతటవే వెనక్కి, తోట వైపు తిరిగాయి. తాడు భుజాన వేసుకుని వాటి వెనకే నడిచాడు.

మెర్దెకా, అంటే మలయ్ భాషలో స్వాతంత్ర్యం, వచ్చాక పత్రికకు చాలా ఎన్నికల వార్తలు రాశాను. 'ఎన్నికయ్యాడు' అని రాసే ప్రతిసారీ ఆవుల వెనక నడిచిపోయిన ఆయన గుర్తొచ్చి నా కలం ఒక్క క్షణం ఆగేది.