గోదాములో పడ్డ సినిమా

మేంగ్ సాంగ్దో పళ్ళు తోముకుని నీళ్ళు పుక్కిలించబోతే నీళ్ళు నోట్లో నిలవలేదు. ఎడమ మూల నుంచి కారిపోయి బనియను తడిపాయి. తలెత్తి అద్దంలో చూసుకున్నాడు. ఎడమ కన్ను మూతపడడం లేదు. ఎడమ బుగ్గ తడిగుడ్డలా వేలాడుతోంది. నవ్వి చూసుకున్నాడు. కుడివైపు నవ్వింది, ఎడమవైపు ఊరికే ఉండిపోయింది.

భార్య ఓక్సిమ్‌ని కేకేశాడు. ఆమె కూరల కొట్టులో పనికి బయలుదేరుతోంది. వచ్చి చూసి, గోడకు చెయ్యి ఆన్చి నిలబడింది. చెయ్యెత్తమంది, కాలెత్తమంది. రెండూ లేచాయి. ఆసుపత్రిలోనూ అదే చెప్పారు. మెదడుకేమీ కాలేదు, ముఖానికి పోయే నరం దెబ్బతింది, చాలామందికి రెండు మూడు నెలల్లో సర్దుకుంటుంది, కొందరికి సర్దుకోదు.

"ఆ కొందరిలో మనం ఉండంలే," అంది ఓక్సిమ్ బస్సులో.

సాంగ్దో కిటికీ వైపు తిరిగాడు. అరవై రెండేళ్ళుగా అతను ఎప్పుడూ ఆ కొందరిలోనే ఉన్నాడు.

కుర్రతనంలో గున్సాన్ నుంచి సియోల్‌కి నాటకాల పిచ్చితో వచ్చాడు. నాటకాల కంపెనీ మూతపడ్డాక సినిమాల్లో చేరాడు. రెండో పోలీసు, మూడో గూండా, టాక్సీ డ్రైవరు, శవం. శవంగా పడుకోవడంలో అతన్ని మించినవాడు లేడని పేరు. ఊపిరి బిగబట్టి కెమెరా పక్కకు పోయేదాకా కదలకుండా ఉండేవాడు. అంత పనిచేసినా బజార్లో ఒక్కరూ గుర్తుపట్టేవారు కాదు. పనిలేని రోజుల్లో ఇల్లు ఓక్సిమ్ సంపాదన మీద నడిచేది. ఆమె ఎన్నడూ ఎత్తిపొడవలేదు. అదే అతన్ని ఎక్కువ కుంగదీసేది.

యాభై ఎనిమిదో ఏట దో హేరిన్ అనే కొత్త దర్శకురాలు అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. సినిమా పేరు 'ఉప్పొచ్చే రోజు'. నైరుతి దీవుల్లో ఉప్పు పండించే ఒక తండ్రి, ఊరొదిలి పారిపోయిన అతని కొడుకు. ఆ తండ్రి వేషం సాంగ్దోది. వేసవంతా ఉప్పుమడుల్లో ఉప్పు పోగుచేసే కర్ర పలక తోస్తూ, వీపు తోలు ఊడిపోయేలా ఎండలో పనిచేశాడు. ఇక చివరి దృశ్యం ఒక్కటే మిగిలింది. అప్పుడు కొడుకు వేషం కడుతున్న హీరో జూదం కేసులో ఇరుక్కున్నాడు. జనం తిట్టిపోశారు. సినిమాను విడుదల చేయాల్సిన కంపెనీ దాన్ని అటక ఎక్కించింది. అలాంటివాటిని ఆ వృత్తిలో గోదాము సినిమాలంటారు. గోదాములో పడ్డది బయటికి రావడం అరుదు.

ప్రతి జనవరిలో కంపెనీలు ఆ ఏడాది తెచ్చే సినిమాల పేర్లు చెబుతాయి. జనం ఎదురుచూస్తున్న సినిమాలంటూ పత్రికలు పేజీల నిండా బొమ్మలు వేస్తాయి. సాంగ్దో పేటలోని గ్రంథాలయానికి వెళ్ళి పై నుంచి కిందిదాకా వేలు పెట్టి చదివేవాడు. యుద్ధాలు, దయ్యాలు, దొంగతనాలు, ప్రేమలు, అన్నీ ఉండేవి. ఉప్పు ఉండేది కాదు. వచ్చే ఏడు చూద్దాం అనుకుని పేపరు మడిచి పెట్టి వచ్చేవాడు. అలా జనవరులు గడిచాయి. ఇంతలో ముఖం జారిపోయింది.

ఆ పై జనవరిలో అతను గ్రంథాలయానికి వెళ్ళలేదు. మూతి వంకరతో నలుగురిలోకి పోవడం ఇష్టం లేకపోయింది. పాత నేస్తం చిల్‌బోక్ ఫోను చేశాడు. అతనూ నాటకాల రోజుల నుంచి చిన్న వేషాలవాడే.

"ఒరేయ్ సాంగ్దో, పేపరు చూశావా?"

"లేదురా."

"నీ శవం లేచిందిరా. అట్టడుగున, చిన్న అక్షరాల్లో. కానీ ఉంది. 'ఉప్పొచ్చే రోజు', ఈ ఏడాదిలోనే."

సాంగ్దో ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. హీరోకి కోర్టులో కేసు తేలిపోయిందట, జనం కోపం చల్లారిందట. చిల్‌బోక్ ఇంకా ఏవేవో చెబుతున్నాడు. సాంగ్దో చెయ్యి మాత్రం ఎడమ బుగ్గ మీదికి పోయింది.

వారం తిరక్కుండా హేరిన్ బేరిపండ్ల బుట్ట పట్టుకుని ఇంటికే వచ్చింది. గంట మోగగానే సాంగ్దో స్నానాల గదిలోకి దూరి గడియ పెట్టుకున్నాడు. ఓక్సిమ్ ఏం చెయ్యాలో తోచక దర్శకురాలిని లోపల కూర్చోబెట్టింది.

"మాస్టారూ, ఎలా ఉన్నారు?" హేరిన్ స్నానాల గది తలుపు దగ్గరికి వచ్చి అడిగింది.

ప, బ, మ పలకాలంటే పెదాలు కలవాలి. సాంగ్దో పెదాలు కలవడం లేదు. ఆ అక్షరాలు తగలని మాటలు ఏరుకుని మాట్లాడడం అప్పటికే అలవాటు చేసుకున్నాడు. "ఒంట్లో నలతగా ఉందండీ. కూర్చోండి."

"వద్దు, బయటికి రాకండి. ఒక్కమాట చెప్పి పోతాను. ఆఖరి సీనుకు కంపెనీవాళ్ళు ఒప్పుకున్నారు. వసంతంలో ఉప్పు మొదలవగానే తీసేద్దాం. అందులో మీ ముఖం తప్ప ఇంకేం లేదు మాస్టారూ. కొడుకు గట్టు మీద వస్తుంటాడు, మీరు చూస్తారు, నవ్వుతారు. అంతే. ఇన్నాళ్ళూ నేను పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుని బతికాను. కళ్ళు మూసుకుంటే ఆ నవ్వే కనబడేది."

సాంగ్దో గడియ మీద చెయ్యి పెట్టి, తీసేశాడు.

"తేదీ ఎన్నడు?"

"ఏప్రిల్‌లో. ఖాయం కాగానే చెబుతాను."

"తెలిసింది. నేనొస్తాను."

ఆమె సంతోషంతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఓక్సిమ్ తలుపు కొట్టింది.

"బయటికి రావయ్యా. నీ కూతురి వయసు పిల్ల. ఎంతో సంబరపడుతూ పోయింది. ఈ రోజే ఫోను చేసి చెప్పెయ్."

"చెబితే ఇంకెవర్నో పెట్టి నా సీన్లన్నీ మళ్ళీ తీస్తారు. లేదంటే మళ్ళీ గోదాములో పారేస్తారు. ఏది చేసినా నేను పోయినట్టే."

"నయం కాకపోతే?"

"అవుతుంది."

"నేనడిగింది కాకపోతే అని."

అతను కొళాయి తిప్పాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆ ఊసు లేదు.

నయం చేసుకోవడమే సాంగ్దోకి ఉద్యోగమైంది. రోజు విడిచి రోజు సూదుల వైద్యుడి దగ్గరికి పోయి ముఖం నిండా సూదులు గుచ్చించుకునేవాడు. అద్దం ముందు కూర్చుని ఆ, ఏ, ఈ, ఓ, ఊ అంటూ గొంతు చించుకునేవాడు. పక్కింటావిడ గోడ కొట్టేది. తేనెటీగ విషం ఎక్కిస్తే నరం మేలుకుంటుందని ఎవరో చెప్తే అదీ చేయించుకున్నాడు. ఎడమ బుగ్గ పూరీలా పొంగింది. అద్దంలో చూసుకుని "ఓక్సిమ్, ఇటు చూడు, రెండువైపులా సమానమైంది," అన్నాడు. ఆమె చూడలేక వంటింట్లోకి పోయింది. మర్నాటికి వాపు దిగి బుగ్గ మళ్ళీ వేలాడింది.

"నరాన్ని ఎంత తొందరపెడితే అంత మొండికేస్తుంది," అన్నాడు వైద్యుడు. "మీకంత తొందరేమిటి?"

"పెళ్ళి ఉంది," అన్నాడు సాంగ్దో. ఇంకేం చెప్పాలో తోచలేదు.

మార్చి వచ్చేసరికి కన్ను సగం మూతపడసాగింది. ఊరికే కూర్చుంటే మూతి దాదాపు తిన్నగానే ఉంది. నవ్వితేనే పాత కథ. చిల్‌బోక్‌తో కల్లు తాగుతూ ఉండగా ఆ మాట వచ్చింది.

"చెప్పెయ్‌రా. ఆ అమ్మాయి మంచిది. నేనైతే చెప్పేవాణ్ణి."

"నీకేం? నీ ముఖం ఎవడడిగాడు?"

అన్నాక నాలిక్కరుచుకున్నాడు. చిల్‌బోక్ గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని లేచాడు. "నిజమేరా, ఎవడూ అడగలేదు," అని కోటు తొడుక్కుని పోయాడు. తర్వాత ఫోను చేస్తే ఎత్తలేదు.

ఏప్రిల్‌లో దీవికి వెళ్ళారు. సాంగ్దో గడ్డి టోపీ కిందికి లాగి, మెడ నుంచి ముక్కుదాకా తువ్వాలు చుట్టుకుని పడవ దిగాడు. ఉప్పుమడుల మనుషులందరూ అలాగే కట్టుకుంటారు కాబట్టి ఎవరూ అనుమానించలేదు. హేరిన్ దూరం నుంచే వంగి నమస్కరించి, పనిలో పడిపోయింది. కంపెనీ వాళ్ళు ఇచ్చింది ఒక్క రోజు. ఎండ ఉండగానే ముగించాలి.

"తువ్వాలు తీద్దామా మాస్టారూ, కాస్త రంగు వేస్తారు," అంది.

"షాట్‌లోనే తీస్తా. తండ్రి అలాగే చేస్తాడు, తలెత్తి చూస్తూ."

ఆమెకు ఆ మాట నచ్చింది. అలాగే కానిమ్మంది.

నిజంగా నవ్వొస్తే నరం కూడా కదులుతుందని, అద్దం ముందు నవ్వింది దొంగ నవ్వు కాబట్టే కదల్లేదని సాంగ్దో తనకు తాను చెప్పుకున్నాడు. ఆ ఒక్క నమ్మకం మీదే అంతదూరం వచ్చాడు. కెమెరా తిరిగింది. గట్టు మీద హీరో నడిచి వస్తున్నాడు. ఆ కుర్రాడు కూడా ఈ ఏళ్ళలో చిక్కి సగమయ్యాడు. అతన్ని చూసి సాంగ్దోకి నిజంగానే సంతోషం పొంగింది. పలక వదిలి, తువ్వాలు కిందికి లాగి, మనసారా నవ్వాడు.

ఆపమని ఎవరూ అనలేదు. హీరో నడక ఆగిపోయింది. రంగు పెట్టె పట్టుకున్న అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎడమ బుగ్గ కదల్లేదని అప్పుడు సాంగ్దోకి అర్థమైంది.

హేరిన్ మడి అంచున నడిచి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎప్పటినుంచి?"

"నవంబరు నుంచి."

"అంటే, నేను మీ ఇంటికొచ్చినప్పుడు..."

"తలుపవతల ఇలాగే ఉన్నాను."

"నాకు మూడు నెలలుండేవి మాస్టారూ. మూడు నెలల్లో ఏదో ఒకటి రాసుకునేదాన్ని."

"ఇంకెవర్నో పెట్టేదానివి."

ఆమె కాదనలేదు. "పెట్టేదాన్నేమో. నాకే తెలీదు. అది తెలుసుకునే వీలు కూడా మీరు నాకివ్వలేదు."

అతను తల వంచి క్షమించమన్నాడు. పెదాలు కలవక ఆ మాట కూడా వంకరగానే వచ్చింది. ఇంకోసారి అన్నాడు. మళ్ళీ అంతే.

కంపెనీ మనిషి గడియారం చూసుకుంటూ వచ్చి, వీపు వైపు నుంచి తీసేయండి, పని అయిపోతుంది అన్నాడు. సాంగ్దో వీపు కూడా పనికిరాలేదు. నెలల తరబడి ఇంట్లో కూర్చుని భుజాలు వంగిపోయాయి. దీవిలో ఉప్పు పని చేసే ఒకాయనకి సాంగ్దో చొక్కా, టోపీ తొడిగి గట్టు వైపు నడిపించారు. సాంగ్దో బనియనుతో ఉప్పు కొట్టం నీడలో నిలబడి చూశాడు.

పొద్దు వాలుతుండగా హేరిన్ కెమెరాను అతని వైపు తిప్పించింది. "ఇటు చూడండి. నవ్వొద్దు." గాలికి ఎడమ కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. చాలాసేపు తీసింది. "ఇది వాడతానని మాటివ్వను," అని, సామాను సర్దించి వెళ్ళిపోయింది.

సినిమా వేసవికన్నారు. పెద్ద సినిమా ఏదో అడ్డొచ్చి శరదృతువులో వచ్చే పంటల పండక్కి జరిపారు. అక్కణ్ణుంచి నవంబరుకు తోశారు. జరిపినప్పుడల్లా సాంగ్దో తిండి మానేసేవాడు. ఇంకో జనవరి చూడలేనని ఓక్సిమ్‌తో అన్నాడు. చివరికి విడుదలైంది. కొన్ని హాళ్ళలోనే, అదీ జనం రాని పొద్దుటి ఆటలకి.

భార్యాభర్తలిద్దరూ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నారు. అతను ముఖానికి మాస్కు పెట్టుకున్నాడు.

తెర మీద తండ్రి వచ్చాడు. కొడుకు చెప్పిన అబద్ధానికి కల్లు గిన్నె వదిలేసి పగలబడి నవ్వాడు. రెండు కళ్ళూ మూతలు పడ్డాయి, రెండు బుగ్గలూ పైకి లేచాయి. తన ఎడమ బుగ్గ మీద నవ్వితే ఒక గీత పడేదని సాంగ్దో మరిచేపోయాడు. ఓక్సిమ్ అతని చెయ్యి పట్టుకుని సినిమా అయ్యేదాకా వదల్లేదు. చివరి దృశ్యంలో గడ్డి టోపీ పెట్టుకున్న ఒక వీపు గట్టు వైపు నడుచుకుంటూ పోయింది.

"ఆ నడక నీది కాదు," అంది ఆమె.

"కాదు."

ఆ సాయంకాలం ఎండలో తీసిన ముఖం ఎక్కడా రాలేదు. పేర్లు వచ్చాయి. అతనిది రెండోది.

బయట వరండాలో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నారు. "ఆ ముసలాయన ఎవరే? ఎక్కడా చూసినట్టు లేదు," అంది ఒకావిడ. "నటుడు కాదేమోనే. అసలు ఉప్పు పని చేసే మనిషినే పట్టుకొచ్చి పెట్టుంటారు," అంది రెండో ఆవిడ.

సాంగ్దో భార్య చెయ్యి లాగాడు. ఆమె ఆగలేదు. "ఈయనేనండీ," అంది.

అతను మాస్కు తీయక తప్పలేదు. ఇద్దరూ చూశారు. చూపు మూతి దగ్గర ఆగి, చప్పున పక్కకు తప్పుకుంది. "అలాగాండీ," అంది పెద్దావిడ, రోగిని పలకరించినట్టు. "ఆరోగ్యం జాగ్రత్త." మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి చిల్‌బోక్ తనే ఫోను చేశాడు. "చూశానురా. ఆ వీపెవడిదిరా, గాడిద వీపు," అన్నాడు. "నవ్వు బాగుంది," అని పెట్టేశాడు. హేరిన్ నుంచి ఏ కబురూ రాలేదు. సాంగ్దో ఆమెకు రెండుసార్లు ఫోను చేయబోయి మానుకున్నాడు.

డిసెంబరులో ఎవరో కొత్త సినిమావాళ్ళు నంబరు పట్టుకుని ఫోను చేశారు. 'ఉప్పొచ్చే రోజు' చూశామన్నారు, తాత వేషం ఉందన్నారు, ఎప్పుడు కలవొచ్చునన్నారు. కూర తరుగుతున్న ఓక్సిమ్ కత్తి ఆపి చెవులు రిక్కించింది. సాంగ్దో గొంతు సవరించుకున్నాడు.

"ఒక్కమాట ముందే చెప్పాలి. ఆ సినిమా తీశాక నా ముఖం ఎడమవైపు పడిపోయింది. ఇక బాగవ్వదంటున్నారు. నడుస్తాను, మాట్లాడతాను. నవ్వితే మాత్రం సగమే వస్తుంది."

అవతల ఎవరితోనో గుసగుసలాడారు. "కనుక్కుని చెబుతామండీ," అన్నారు.

అతను ఫోను బల్ల మీద పెట్టి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. చీకటి పడింది. ఓక్సిమ్ వచ్చి దీపం వేసి, అన్నం గిన్నె అతని ముందు పెట్టింది.