పనస చెట్టు తరఫున నేను

చలికాలమంతా మంచు చూడడానికి వచ్చిన జనం, కప్పులూ సీసాలూ మాకు వదిలేసి కొండ దిగిపోతారు. అరకులో వసంతం వచ్చిందని నాకు తెలిసేది అలాగే. ఆ తర్వాత మామిడి పూస్తుంది, కంచె అవతల కాఫీ మొక్కలు తెల్లబడతాయి, బొబ్బిలి దగ్గర పల్లె నుంచి మా అత్తగారు కొండెక్కి వస్తారు.

మా క్వార్టర్ పెరట్లో ఒక పనస చెట్టుంది. మా పెళ్లయిన ఏడు ఆయన గుమ్మలక్ష్మీపురం సంతలో మొక్క కొని తెచ్చి నాటారు. ఏటా మాఘం దాటగానే పాదు తవ్వి, పశువుల గెత్తం వేసి, ఎండాకులు కప్పి, మానుకు చెదలు పట్టకుండా సున్నం పూస్తాను. అంత సేవ మా ఇంట్లో ఇంకెవరికీ జరగదు. చెట్టు ఏపుగా పెరిగింది, కాయ మాత్రం కాయలేదు. నాకూ పిల్లల్లేరు. కాబట్టి మా అత్తగారికి ఒక్క మాటతో రెండు పనులూ అయిపోతాయి.

"ఎంత సాకితే ఏటి నాబం, గొడ్డుది" అంటారు. అన్నంతసేపూ చూపు చెట్టు మీదే ఉంటుంది. పాపం, మర్యాద తెలిసిన మనిషి.

ఈసారి ఆవిడ వైద్యం కూడా వెంట తెచ్చారు. కాయని చెట్టును గొడ్డలితో బెదిరించాలట. ఒకరు నరుకుతానని గద్దించాలి, ఇంకొకరు చెట్టు వెనక నిలబడి దాని తరఫున బతిమాలుకోవాలి. అప్పటికీ కాయకపోతే నిజంగానే కొట్టించేసి, అక్కడ రేకుల షెడ్డు వేయించాలని తీర్మానించారు. మా ఆయన తలూపారు. తల్లి మాటకు తలూపడంలో ఆయనకు మంచి అనుభవం ఉంది. చెట్టు తరఫున ఎవరు నిలబడాలో అడగాల్సిన పనే లేకపోయింది.

ఆదివారం పొద్దున్నే పక్కింట్లో గొడ్డలి అడిగి తెచ్చారు. ఆఫీసులో ఎవరినీ గట్టిగా కేకేసి ఎరగని మనిషి, మాను ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

"కాస్తావా... నరికేయమంటావా?" సెలవు అడిగినట్టు అడిగారు.

"గట్టిగా అడగరా! సెట్టుకి బయ్యం పుట్టాల!" వసారాలోంచి అత్తగారు అరిచారు.

ఆయన గట్టిగా అడిగారు.

"ఏటే కోడలా, మాటాడవేటి? ఈ ఒక్క యేడూ ఒగ్గెయ్, పై యేడు కాత్తానని సెప్పు. బేగి!"

నేను చెప్పాల్సింది అంతే. ఇన్నేళ్లుగా అందరికీ చెబుతున్నదే. లేతాకులు తలకు తగులుతున్నాయి, నేను పూసిన సున్నమే నా అరచేతికి అంటింది. ఒళ్లు మండిపోయింది.

"కాయను" అన్నాను. "ఈ ఏడూ కాయను, పై ఏడూ కాయను. నరుకుతారా?"

ఆ మాట చెట్టుది కాదని ఆయనకు అర్థమైంది. గొడ్డలి నేలకు దించి నా మొహంలోకి చూశారు.

"నరకను" అన్నారు. వసారా వైపు తిరిగి మళ్లీ అన్నారు, ఈసారి ఎవరూ చెప్పకుండానే గట్టిగా. "నరకనమ్మా."

"గొడ్డలి ఇచ్చీసి రా, ఆళ్లకి పనుంటాది" అని అత్తగారు లోపలికి వెళ్లిపోయారు.

ఆ చెట్టు ఇప్పటికీ కాయలేదు. నీళ్లు మాత్రం ఇప్పుడు ఆయనే పోస్తున్నారు. ఎక్కువైతే వేరు కుళ్లిపోతుందని చెప్పినా వినరు.